దాచుకునే నొప్పి



ఈ వారం ధ్యానానికి సామెతలు 27:23, సామెతలు 12:10, యెహెజ్కేలు 34:1-16 చదవండి. ముందుగా బైబిలు తెరిచి ఆ మూడు భాగాలు చూసుకొని, ఆ తర్వాత ఇది చదివితే మేలు.

సామెతల గ్రంథంలో మంద ఉన్నవాడికి జ్ఞాని చెప్పిన మాట చిన్నదే. తన గొర్రెలూ మేకలూ ఎలా ఉన్నాయో యజమాని స్వయంగా ఎరిగి ఉండాలి అన్నది దాని భావం. మేత వెయ్యమని గాని, నీళ్ళు పెట్టమని గాని అక్కడ చెప్పలేదు. అవి ఎవరైనా చేస్తారు. ఎలా ఉన్నాయో ఎరిగి ఉండు అన్నాడు. మా గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతంలో నల్లమల అంచున గొర్రెలు మేపే అన్నలను చూసినవారికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. సాయంత్రం మందను దొడ్లోకి తోలేటప్పుడు వాళ్ళు తలలు లెక్కపెడతారు. నోరు లెక్క చెబుతుంటే కళ్ళు ఇంకో పని చేస్తుంటాయి. ఏది వెనకబడింది, ఏది కాలు ఈడుస్తున్నది, ఏది మేత ముందు నిలబడి కూడా నోరు పెట్టడం లేదు అని చూస్తుంటాయి. వంద తలలూ సరిపోయినంత మాత్రాన మంద బాగున్నట్టు కాదు.

ఈ వాక్యం కొంతకాలంగా నాకు మరింత దగ్గరైంది. దానికి కారణం మా ఇంట్లో ఉన్న ఒక ముసలి గినీ పిగ్.

నవ్వకండి. మా సంఘంలో చాలామంది మొదట నవ్వినవారే. హైదరాబాదులో ఉండే మా చెల్లెలు వాళ్ళ పిల్లవాడి కోసం దాన్ని కొన్నారు. వాళ్ళు కువైట్ వెళ్ళవలసి వచ్చినప్పుడు అది పంజరంతో సహా మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి దానికి బుడ్డోడు అని పేరు పెట్టింది. తెలుపు, గోధుమ రంగు మచ్చలు, తోక లేదు, అరచెయ్యంత చెవులు లేవు. ప్రార్థనకు వచ్చిన ఒక అవ్వ దాన్ని తేరిపార చూసి, "ఇదేం చెవులపిల్లి అయ్యా, చెవుల్లేని చెవులపిల్లి!" అన్నది. ఆ రోజు నుంచి మా వీధిలో దాని పేరు అదే. ఇవి మామూలుగా ఐదు నుంచి ఏడెనిమిదేళ్ళు బతుకుతాయి. బుడ్డోడికి ఇప్పుడు ఆరు దాటాయి. అంటే మన లెక్కలో మంచి వయసు మళ్ళిన తాత.

ఈ ప్రాణి పుట్టిల్లు మన దేశం కాదు. దక్షిణ అమెరికాలో, పెరూ దేశం ఉన్న ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళుగా దీన్ని పెంచుతున్నారు. మనం కోళ్ళను పెంచుకున్నట్టు అక్కడ మాంసం కోసం పెంచుతారు. పెరూలోని కుస్కో పట్టణపు పెద్ద చర్చిలో ప్రభువు రాత్రి భోజనం చిత్రం ఒకటి ఉంది. 1750ల ప్రాంతంలో మార్కోస్ సపాటా అనే చిత్రకారుడు వేశాడు. అందులో యేసు ప్రభువు ముందు పళ్ళెంలో కాల్చిన చిన్న జంతువు ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్ని గినీ పిగ్ అనే గుర్తిస్తారు. ఆ కొండల వాళ్ళు తమ ఇంటి పండుగ భోజనాన్ని ప్రభువు బల్ల మీద పెట్టుకున్నారన్నమాట.

తర్వాత ఇది ప్రయోగశాలల్లోకి వెళ్ళింది. ఎవరి మీదైనా ప్రయోగం చేస్తే వాడిని గినీ పిగ్ అనడం అక్కడి నుంచే వచ్చింది. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు టీబీ జబ్బుకు కారణమైన క్రిమిని కనుగొన్నానని ప్రకటించాడు. ఆ క్రిమే ఆ జబ్బు తెస్తుందని నిరూపించడానికి ఆయన ఎక్కించి చూసింది ముఖ్యంగా ఈ గినీ పిగ్‌లకే. ఇవాళ మన పల్లెల్లో తెమడ పరీక్ష చేయించుకొని, ఆరు నెలలు మాత్రలు వాడి, మళ్ళీ పొలం పనికి వెళ్తున్న అన్నదమ్ములు ఉన్నారు. వాళ్ళు ఎన్నడూ చూడని ఈ చిన్న ప్రాణికి ఆ కథలో ఒక పాత్ర ఉంది. ఈ సంగతి తెలిశాక మా సంఘంలో నవ్వు కొంచెం తగ్గింది.

ఇంకో సంగతి వినండి. ఆవు, గొర్రె, కుక్క తమ ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు. గినీ పిగ్ కూడా చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వట్టి ధాన్యం పెట్టిన గినీ పిగ్‌లకు చిగుళ్ళు, కీళ్ళు పాడవడం గమనించారు. పూర్వం ఓడల్లో నెలల తరబడి ప్రయాణించే నావికులను చంపిన స్కర్వీ జబ్బు అదే. తాజా ఆకుకూర, పండు తగలగానే అవి కోలుకున్నాయి. మనుషుల జబ్బు గుట్టు అలా బయటపడింది. తన ఆహారంలో రోజూ ఎవరో ఒకరు పచ్చిది ఇంత పెడితే తప్ప నిలబడలేని ప్రాణి అది. ఆ విషయంలో అది మనకు చుట్టమే.

బుడ్డోడి జబ్బుల సంగతికి వస్తాను. గినీ పిగ్‌కు ఇరవై పళ్ళు. ఇరవై పళ్ళూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. వయసు మీద పడి నమలడం తగ్గితే దవడ పళ్ళు పక్కకు పెరిగి నాలుకకు అడ్డం పడతాయి. ఎదురుగా మేత ఉన్నా తినలేదు. రెండోది మూత్రాశయంలో సున్నం పేరుకోవడం. ఒక రోజు వాడి కింద వేసిన తెల్ల గుడ్డ మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. మూడోది కీళ్ళ నొప్పి, అరికాళ్ళ పుండ్లు. మొదటిదాన్ని రెండు మూడు నెలలకోసారి డాక్టరు పళ్ళు అరగదీసి అదుపులో ఉంచుతున్నారు. మిగిలిన రెండూ నయమయ్యేవి కావు. కనిపెట్టుకొని ఉండవలసినవి.

మా దగ్గరి పశువుల డాక్టరుగారు గేదెలు, ఎద్దులు, గొర్రెల మధ్య రోజంతా నలిగే మనిషి. అయినా దీన్ని తీసుకెళ్తే విసుక్కోలేదు. హైదరాబాదులో చిన్న జంతువులు చూసే డాక్టరుతో ఫోనులో మాట్లాడి మందు, మోతాదు నిర్ణయించారు. ఇంట్లో పిల్లలకు మిగిలిన జ్వరం మందు, అమాక్సిసిలిన్ లాంటిది పొరపాటున కూడా తాగించవద్దని గట్టిగా చెప్పారు. మనుషులకు మామూలైన ఆ మందు వీటి కడుపులోని మంచి క్రిములను చంపి, ప్రాణం తీస్తుందట. మీలో ఎవరింట్లోనైనా కుందేలు ఉన్నా ఇదే జాగ్రత్త.

ఆ రోజు ఆయన చెప్పిన మాటే ఈ ధ్యానానికి మూలం. "పాస్టరుగారూ, కుక్కకు నొప్పి వస్తే మూలుగుతుంది. దీనికి నొప్పి వస్తే దాచుకుంటుంది. వేటకు బలయ్యే జాతి కదా. గుంపులో నీరసంగా కనపడిందాన్నే గద్దో నక్కో ముందు పట్టుకుంటుంది. అందుకని చివరి దాకా బాగున్నట్టే కూర్చుంటుంది. అది తినడం మానేసిందని మీకు తెలిసే సరికే ఆలస్యమైపోతుంది. ఒక పూట పూర్తిగా తినకపోయినా ప్రమాదమే. దాని ముఖం చూడొద్దు, బరువు చూడండి."

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. వంటింటి తక్కెడ, అదే కరెంటు కాటా, ఉదయం కుటుంబ ప్రార్థన అయిపోగానే కిందికి దిగుతుంది. దాని మీద గిన్నె, గిన్నెలో బుడ్డోడు. మా అమ్మాయి అంకె చదివి నోట్ పుస్తకంలో రాస్తుంది. మంచి రోజుల్లో 980 గ్రాములు ఉండేవాడు. ఇప్పుడు 760 దగ్గర ఉన్నాడు. 10 గ్రాములు అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. వరసగా మూడు రోజులు దిగితే మేము కదులుతాం.

తక్కిన పనులు పెద్దవేం కావు. గట్టు మీది గరిక తెచ్చి కడిగి, కత్తెరతో సన్నగా కత్తిరించాలి. ఎండు మేత గుళికలు నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, నమలలేని రోజున సూది తీసేసిన సిరంజితో దవడ పక్క నుంచి కొంచెం కొంచెం పట్టాలి. తొందరపడితే పొర పోతుంది. రోజూ ఒక చిన్న జామ ముక్క, కాప్సికమ్ ముక్క, నాలుగు కొత్తిమీర రెబ్బలు. మునగాకు మనకు ఎముక బలమని అందరం తింటాం. దానిలో కాల్షియం ఎక్కువ కాబట్టి వీడికి పెట్టకూడదు. నీళ్ళు కూడా బోరు నీళ్ళు వద్దు, క్యాను నీళ్ళు పొయ్యమన్నారు. మన పశ్చిమ ప్రకాశంలో బోరు నీళ్ళ సంగతి మీకు వేరే చెప్పాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, అంతకు మించిన నీళ్ళు తాగి నడుములు వంగిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. వెలిగొండ నీళ్ళ కోసం ఎదురు చూస్తూ కన్నుమూసిన వాళ్ళూ ఉన్నారు.

ఎండాకాలం ఇంకో కష్టం. చల్లటి కొండల్లో పుట్టిన జాతి ఇది. 30 డిగ్రీలు దాటితే దీనికి వడదెబ్బ భయం. మనకు మే నెలలో 40 దాటడం మామూలే. మా సంఘంలో పలకల పని చేసే తమ్ముడు ఒకరు రెండు మార్కాపురం పలకరాళ్ళు అంచులు నున్నగా గీసి తెచ్చిచ్చారు. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల రాయి కదా అది. నేల మీద పరిస్తే మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. సగం పలకరాయి, సగం పాత చీర మడత. కడుపు మండినప్పుడు రాయి మీద పడుకుంటాడు, కాళ్ళు నొప్పిపుడితే చీర మీదికి జరుగుతాడు. పైన తడి గోనె సంచి. కరెంటు పోతే విసనకర్ర. అంతే వైద్యం.

ప్రియులారా, ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బరువు చూడమన్న ఆ డాక్టరుగారి మాట మా ఇంటి పంజరం దగ్గర ఆగలేదు.

మన సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక మీకు తెలుసు. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కోసం డబ్బాలో వేస్తారు. నెలకోసారి ఆ డబ్బా ఆరాధనకు తెస్తారు. మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఈ కానుక ఎన్నడూ తప్పలేదు. ఇద్దరు కొడుకులు బెంగుళూరులో బేల్దారి పనికి వెళ్ళారు. మంచి పిల్లలు. రోజూ ఫోను చేస్తారు. డబ్బు పంపుతారు. "ఎట్లున్నావమ్మా?" అంటే "నాకేం నాయనా, బాగుండా. తిన్నా. మీరు జాగర్త" అంటుంది. నేను వెళ్ళి అడిగినా అదే జవాబు. "దేవుని కృప అయ్యగారూ, ఏం లోటు లేదు."

ఒక నెల ఆమె డబ్బా తీసుకున్న నా భార్య దాన్ని చేతిలో అటూ ఇటూ ఊపి చూసింది. ఇంటికి వచ్చాక నాతో అన్నది, "అవ్వ డబ్బా సగమే ఉంది. పోయిన నెల కూడా తక్కువే. అవ్వ ఇచ్చేది తగ్గించే మనిషి కాదు. వండేదే తగ్గించి ఉంటుంది."

మరుసటి రోజు ఇద్దరం వెళ్ళాం. నా భార్య అడగడం మానేసి పొయ్యి దగ్గర కూర్చున్నది. గిన్నె కదిలించి చూసింది. రెండు రోజుల కిందటి బూడిద చల్లగా ఉంది. మెల్లగా విషయం బయటికి వచ్చింది. దవడ పన్ను పుచ్చి నెలన్నర అయింది. నమలలేకపోతున్నది. మోకాళ్ళు పట్టేసి పొయ్యి ముందు కూర్చుంటే లేవలేకపోతున్నది. అందుకని పొద్దున టీలో బన్ను నానబెట్టుకొని, రోజు విడిచి రోజు అన్నం వండుకుంటున్నది. వండిన రోజు మాత్రం పిడికెడు తప్పకుండా తీసి పెట్టింది. "కొడుకులకు చెబితే పని వదిలి వస్తారయ్యా. ఒక్క రోజు కూలి పోతే వాళ్ళ పిల్లలకు ఎట్లా?" అన్నది. అది అబద్ధం కాదు. అది ఆమె ప్రేమ. నొప్పిని దాచుకోవడమే ఆ తల్లికి తెలిసిన ప్రేమ.

ఆమెకు నోరు తెరిచి చెప్పలేని మాట ఆమె కానుక డబ్బా చెప్పింది. దేవుని దగ్గరికి తెచ్చిన బియ్యమే ఆమె స్థితి చూపించే తక్కెడ అయింది.

పన్ను ప్రభుత్వ ఆసుపత్రిలో తీయించాము. మోకాళ్ళు నయం కావని డాక్టరు చెప్పారు. మందు నొప్పిని కొంత తగ్గిస్తుంది, అంతే. స్త్రీల సమాజం వాళ్ళు వంతులు వేసుకొని మధ్యాహ్నం అన్నం, మెత్తగా ఉడికిన పప్పు పంపుతున్నారు. ఒక తమ్ముడు పొయ్యిని నడుము ఎత్తుకు కట్టిచ్చాడు. ఇప్పుడు నిలబడే వండుకోగలుగుతున్నది. కొడుకులకు ఆమె ముందే ఫోను చేసి, భయపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాము. పెద్ద కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యా, రేపటి నుంచి తిన్నావా అని అడగను. ఏం వండావమ్మా అని అడుగుతా" అన్నాడు. నా సేవలో నేను విన్న మంచి మాటల్లో అది ఒకటి.

యెహెజ్కేలు 34లో దేవుడు ఇశ్రాయేలు కాపరులను నిలదీస్తాడు. వాళ్ళ మీద మోపిన నేరాల జాబితా చూడండి. బలహీనమైనదాన్ని పట్టించుకోలేదు, జబ్బుపడినదానికి వైద్యం చెయ్యలేదు, గాయపడినదానికి కట్టు కట్టలేదు, దారితప్పినదాన్ని వెదకలేదు. ఇవన్నీ మంద తలలు లెక్కపెడితే తెలిసేవి కావు. కొవ్విన గొర్రెలు వాళ్ళకు బాగా కనిపించాయి. తర్వాత దేవుడు ఆ పని తానే చేస్తానంటాడు. ఆ వచనాల్లో ఆయన మాట్లాడేది లెక్కల భాషలో కాదు, కట్టుకట్టే భాషలో.

మా యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు సూటిగా ఒక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, ఇక్కడ డయాలసిస్‌కు బస్సు చార్జీలు లేనివాళ్ళు ఉన్నారు. ఎలుక జాతికి మందులు అవసరమా?" అడగవలసిన ప్రశ్నే అది. గరిక ఊరికే వస్తుంది, మందు సీసా రెండు నెలలు వస్తుంది, హైదరాబాదు ఖర్చు మా చెల్లెలు పంపుతుంది అని లెక్క చెప్పాను. దానికి హద్దు కూడా ఉంది. మూత్రాశయంలో రాయి పెద్దదైతే ఆపరేషను అవసరం కావచ్చన్నారు. ఈ వయసులో అది తట్టుకోవడం కష్టం, అంత ఖర్చూ తగదు. ఆపరేషను వద్దు, నొప్పి తెలియకుండా చూద్దాం అని కుటుంబమంతా కూర్చొని నిర్ణయించుకున్నాం. దయకు కూడా వివేకం కావాలి.

కాని లెక్కతో ఆ ప్రశ్న తీరదు. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వెళ్ళి చెప్పిన కథ గుర్తు చేసుకోండి. 2 సమూయేలు 12లో ఉంది. ఒక పేదవాడికి ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల. తన కంచంలోనిదే దానికి పెట్టేవాడు, తన గిన్నెలోనిదే తాగించేవాడు, అది బిడ్డలా ఒళ్ళో పడుకునేది. తినడానికే లేనివాడికి గొర్రె ముద్దులేమిటి అని ప్రవక్త అనలేదు, రాజూ అనలేదు. ఆ పేదవాడి మనసు ఎంత మెత్తనిదో చూపించడానికే దేవుడు ఆ కథ చెప్పించాడు. మెత్తదనం లేనిది మందలున్న ధనవంతుడికి. గొర్రెపిల్లకు కంచంలో చోటిచ్చినవాడు పొరుగువాడిని దోచుకోడు. ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇదే. చిన్నదాన్ని గమనించడం నేర్చిన కన్ను పెద్దదాన్ని వదిలిపెట్టదు. ఈ మాట విన్న ఆ తమ్ముడే ఇప్పుడు వారానికి రెండుసార్లు ఒక అన్నను తన బండి మీద డయాలసిస్‌కు తీసుకెళ్తున్నాడు.

పిచ్చుకల ధర ప్రభువు రెండు చోట్ల చెప్పాడు. మత్తయి 10లో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా 12లో రెండు కాసులకు ఐదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి. ఐదోది ఎక్కడిది? మన సంతలో మాటైతే అది కొసరు. నాలుగు కొంటే ఊరికే పడేసేది. దానికి ధర కూడా లేదు. ఆ కొసరు పిచ్చుక కూడా దేవుని జ్ఞాపకంలో ఉందని ప్రభువు చెప్పాడు. ఇంట్లో కొసరులా మిగిలిపోయామని అనుకునే పెద్దవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ మాట మీ కోసం.

యెషయా 46లో ఇంకో చిత్రం ఉంది. బబులోను విగ్రహాలను అలసిన పశువుల మీద ఎక్కించి మోయిస్తున్నారు. ఆ బరువుకు పశువులు కుంగిపోతున్నాయి. వెంటనే దేవుడు తన ప్రజలతో మాట్లాడుతూ, గర్భంలో ఉన్నప్పటి నుంచి మిమ్మల్ని ఎత్తుకున్నది నేనే, తల నెరిసే దాకా మోసేదీ నేనే అన్న భావంతో చెబుతాడు. పశువుల మీద బరువు మోపే దేవుడు కాదు మనవాడు. మనల్ని మోసే దేవుడు. ముసలితనంలో నయం చేస్తానని ఆ మాటలో లేదు. మోస్తానని ఉంది. నయం కాని జబ్బులున్న ఇళ్ళలో నేను ప్రార్థన చేసేటప్పుడు ఈ వాక్యం ఎక్కువగా చదువుతాను. స్వస్థత దేవుడు ఇస్తే స్తోత్రం. ఇవ్వని రోజున కూడా మోసే చేతులు ఆగవు. ఆ చేతులు చాలాసార్లు మన చేతుల రూపంలోనే ఆ ఇంటికి వెళ్ళాలి.

మా అమ్మాయి ఒక రాత్రి సిరంజి కడుగుతూ, "నాన్నా, బుడ్డోడు పరలోకం వెళ్తాడా?" అని అడిగింది. రోమా 8వ అధ్యాయం తెరిచి చూపించాను. సృష్టి అంతా ప్రసవ వేదన పడుతున్నట్టు మూలుగుతూ, చెడిపోయే స్థితి నుంచి విడుదల కోసం ఎదురు చూస్తున్నదని పౌలు రాశాడు. ఆ నిరీక్షణలో మనుషులు మాత్రమే ఉన్నారని ఆయన రాయలేదు. అలా విడిపించేవాడు ప్రేమగలవాడు కాబట్టి, వాడిని ఆయన చేతికి అప్పగించడానికి మనం భయపడక్కర్లేదు అని చెప్పాను. తిండి పూర్తిగా మానేసి, నొప్పి మందు కూడా పని చెయ్యని రోజు వస్తే, బాధ లేకుండా నిద్రపుచ్చే సూది ఉందని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత నోట్ పుస్తకంలో మరుసటి రోజు తేదీ వేసి, అంకె కోసం చోటు ఉంచి పడుకున్నది.

ఈ వారం మీరు చెయ్యవలసిన పని ఒకటి చెబుతాను. మీ ఇంట్లో గాని, వీధిలో గాని, సంఘంలో గాని "బాగానే ఉన్నా" అనే ఒక పెద్ద మనిషిని ఎంచుకోండి. ఎలా ఉన్నారని అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది. వెళ్ళి కాసేపు కూర్చోండి. పొయ్యి వెచ్చగా ఉందా? మాత్రల చీటీలో మాత్రలు తరుగుతున్నాయా? మంచం నుంచి లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు? కంచంలో మెత్తటివే తిని గట్టివి పక్కకు పెడుతున్నారా? దూరంగా ఉన్న కొడుకులూ కూతుళ్ళూ, తిన్నారా అని కాకుండా ఏం వండారని అడగండి. వీడియోలో ముఖంతో పాటు వంటిల్లు కూడా చూపించమనండి. కాపరి పని సగం ఇదే. పాస్టర్లం మాత్రమే చెయ్యవలసిన పని కాదిది. మందలో ప్రతివాడూ పక్కవాడికి కాపరే.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, చెప్పుకోలేని నొప్పిని కూడా ఎరిగిన దేవా, నీకు స్తోత్రం. ఒంటరి ఇళ్ళలో ఉన్న పెద్దలను జ్ఞాపకం చేసుకో. దూర దేశాల్లో, దూర పట్టణాల్లో కూలి చేసుకునే వారి బిడ్డలకు బలమివ్వు. నోరులేని ప్రాణుల మీద మాకు దయ నేర్పు. వైద్యులకు, పశువైద్యులకు ఓపిక దయచెయ్యి. మా కళ్ళు తలలు లెక్కపెట్టి ఊరుకోకుండా, స్థితి చూసేలా వాటిని తెరువు. నయం చెయ్యలేనిచోట కూడా విడిచిపెట్టకుండా మొయ్యడం మాకు నేర్పించు. మంచి కాపరియైన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.